తలెత్తితే మసక

పదకొండో వారం

"నువ్వు అద్దాల ముచ్చట ఎత్తినవంటే నేను ఇంట్ల ఉండ," అన్నాడు ప్రేమ్‌చంద్ తండ్రితో.

పొద్దున లేచిన దగ్గర్నుంచి ఈ మాట అనడం ఇది మూడోసారి. మొదటిసారి తల్లి లచ్చవ్వ వంటింట్లోంచి తొంగిచూసింది. రెండోసారికి చూడటం కూడా మానేసింది. ఇల్లు విడిచిపోతానని బెదిరించే మనిషికి పోవడానికి ఇంకో ఇల్లు లేదని అక్కడ అందరికీ తెలుసు, అతనితో సహా.

తండ్రి పేతురు మంచం పట్టె మీద కూర్చుని నేలను చూస్తున్నాడు. పదకొండు గంటలకు గని ఆఫీసులో ఎంక్వైరీ.

ఐదు రోజుల కింద, పేతురు చూసి సరే అన్న చోట పైకప్పు నుంచి బండ జారి, కప్పుకు ఆసరాగా కర్ర దిమ్మెలు నిలబెట్టే కైలాసం మోకాలి మీద పడింది. గనిలో పేతురు సర్దార్. పని మొదలయ్యే ముందు పైకప్పును కర్రతో కొట్టి మోత వినడం, నెర్రెలు పడ్డాయేమో తలెత్తి చూడటం, బాగుంటే అక్కడ సుద్దతో తేదీ వేసి సంతకం పెట్టడం ఆయన పని. ఆ సంతకం పడ్డాకే మిగతావాళ్లు అక్కడ కాలు పెడతారు. ఇరవై ఆరేళ్లలో ఆ సంతకం ఉన్న చోట ఒక్క మనిషికీ దెబ్బ తగల్లేదు.

కూతురు ప్రిస్కిల్లా కిటికీ దగ్గర నిలబడి తండ్రి కొత్త అద్దాల మీద నోటి ఆవిరి ఊది, వెలుతురుకు పట్టి చూస్తున్నది. ఆ అద్దాలు కొలిచింది, బిగించింది, తండ్రి ముక్కు మీద పెట్టింది ఆమే. మంచిర్యాలలో కళ్లద్దాల షాపులో ఏడేళ్లుగా ఆమె చేసే పని అదే.

ప్రోగ్రెసివ్ అద్దాల మీద మామూలుగా కనబడని రెండు చిన్న గుర్తులు చెక్కి ఉంటాయి. ఆవిరి పడితే తేలతాయి. వాటిని పట్టుకుని కొలిస్తే అద్దం కంటిపాప ఎదుట సరిగ్గా కూర్చున్నదో లేదో తెలిసిపోతుంది. ప్రిస్కిల్లా పెన్నుతో చుక్కలు పెట్టింది. తండ్రి దగ్గరికి వెళ్లి అద్దాలు తొడిగి, వంగి, స్కేలు పెట్టి చూసింది. మూడోసారి. చుక్క సరిగ్గా కంటిపాప మధ్యనే పడింది. మూడోసారి కూడా.

తప్పు దొరకాలని ఆమె కోరిక. ఒక్క మిల్లీమీటరు తప్పు దొరికితే చాలు, ఆ పాపం అద్దం కోసిన ల్యాబువాళ్ల మీద వేయవచ్చు. నిన్న షాపుకు తీసుకెళ్లి మిషన్‌లో పెట్టి పవర్ చూసింది. చీటీలో రాసినట్టే ఉంది. ఫ్రేము వంపు సరిగ్గా ఉంది, ముక్కు మీంచి జారడం లేదు. ఇంత చక్కగా కుదిరిన అద్దాలు ఈ మధ్య ఎవరికీ చేయలేదు. ఆ సంగతి తలుచుకుంటే ఆమెకు ఏడుపొచ్చింది.

రెండు నెలల కింద కంపెనీ వైద్య పరీక్షలో పేతురుకు దూరపు చూపు తగ్గిందన్నారు. అద్దాలు పెట్టుకునే లోపలికి దిగాలన్నారు. అప్పటిదాకా ఆయన గనిలో ఏ అద్దాలూ పెట్టుకోలేదు, రిపోర్టు పుస్తకం రాసేటప్పుడు జేబులోంచి తీసే చదువు అద్దాలు తప్ప. చీకట్లో రెండు జతలు మార్చుకుంటూ ఎక్కడ తిప్పలు పడతాడోనని ప్రిస్కిల్లాయే పట్టుబట్టి ఈ జత చేయించింది. పైభాగంలో దూరం, నడుమ చేయి చాచినంత మేర, కింది భాగంలో చదువు. అంతా ఒకే అద్దంలో.

పెట్టుకున్న మూడో రోజే ఆయన నేల ఊగుతున్నట్టుందన్నాడు. పక్కకు చూడాలంటే కళ్లు కాదు, తల తిప్పమని, మెట్లు దిగేటప్పుడు గడ్డం దించమని ఆమె చెప్పింది. ఐదో రోజు పని దగ్గర కొంచెం మసకగా ఉంటున్నదన్నాడు. ఎదురింటి నంబరు చదవమంది. చదివాడు. కీర్తనల పుస్తకం ఇచ్చి చదవమంది. అదీ చదివాడు.

"మంచిగనే ఉన్నయి బాపు. పదిహేను రోజుల్ల అలవాటైతది," అంది.

షాపుకు వచ్చే ప్రతి మనిషికీ చెప్పే మాట అది. కన్నతండ్రికీ అదే చెప్పింది. తొమ్మిదో రోజు బండ పడింది.

ప్రేమ్‌చంద్ మళ్లీ అందుకున్నాడు. అతను బడిపిల్లల వ్యాను నడుపుతాడు. తండ్రి మెడికల్ అన్‌ఫిట్‌ అయి, అంటే ఆరోగ్యం చాలదని, మచ్చ లేకుండా దిగిపోతే కంపెనీ ఆ కొలువు కొడుకుగా తనకిస్తుందని ముప్పై మూడేళ్లు వచ్చేదాకా ఎదురుచూస్తూ కూర్చున్నాడు. అతని వాదన ఏమిటంటే, అద్దాల్లోంచి కనబడలేదని బాపు చెబితే, కనబడనప్పుడు సంతకం ఎందుకు పెట్టావని అడుగుతారు. కొలువు తీసేస్తారు. తీసేసినవాడి కొడుకుకు కొలువు రాదు. అదే, బాపు పొమ్మనకముందే కైలాసం దిమ్మె నిలబెట్టడానికి పోయాడంటే ఎవరికీ ఏమీ కాదు.

"కైలాసానికి?" అంది ప్రిస్కిల్లా.

"అయ్యేది అయ్యింది గదా ఆయనకు."

ఈ మాట అంటున్నప్పుడు అతను చెల్లెలి ముఖం చూడలేదు. పేతురు కూడా తల ఎత్తలేదు. ఐదు రోజులుగా ఆ ఇంట్లో మాటలన్నీ ప్రేమ్‌చంద్‌వే. మిగిలిన ముగ్గురూ మూగనోము పట్టినట్టు తిరుగుతున్నారు.

అప్పుడే గుమ్మంలో బాలవ్వ కనబడింది. కైలాసం భార్య. రెండు క్వార్టర్ల అవతల ఉంటుంది. ఆస్పత్రికి పోతూ లచ్చవ్వ కట్టే టిఫిన్ గిన్నె తీసుకుపోవడానికి రోజూ ఈ వేళకు వస్తుంది. ప్రేమ్‌చంద్ నోరు టక్కున మూతపడింది. ప్రిస్కిల్లా అద్దాలను పిడికిట్లో దాచుకుంది. ఎందుకు దాచుకున్నదో ఆమెకే తెలియదు, సిగ్గనిపించింది.

బాలవ్వ కూర్చోలేదు. కాలు ఉంటుందో తీసేయాలో డాక్టర్లు ఇంకా తేల్చలేదట. రాత్రంతా కైలాసం నిద్రపోలేదట. ఆ సంగతి చెప్పి, కొంగు సర్దుకుని, పేతురు వైపు తిరిగింది.

"ఆయన మీకొక మాట చెప్పమన్నడు సర్దారన్నా. ఎంక్వైరీల తప్పు నాదే అని చెప్పమను, నేను గూడ గట్లనే చెప్త అన్నడు. దిమ్మెను సుత్తెతోని జర గట్టిగ కొట్టిండట. గందుకే బండ కదిలింది, సర్దార్ చూసిన జాగల తప్పెట్లుంటది అంటుండు."

పేతురు మంచం మీంచి లేచి నిలబడ్డాడు.

"మీరు ఎంత సేపు చూసిన్రో ఆయనకు యాదికుందట. గిట్ల చూసిన్రట." బాలవ్వ మెడ వెనక్కి వాల్చి, గడ్డం పైకెత్తి, ఇంటి కప్పు వంక చూసి చూపించింది. "అంత చూసినంక ఇగ ఆయన తప్పేముంటది, నాదే అని ఏడుస్తుండు."

గిన్నె తీసుకుని ఆమె వెళ్లిపోయింది. మంచి మనుషులు ఇలాగే చంపుతారు. తిట్టిపోయినా బాగుండేదని లచ్చవ్వ వంటింటి గోడకు ఆనుకుని కళ్లు తుడుచుకుంది. ప్రేమ్‌చంద్ మాత్రం గట్టిగా ఊపిరి వదిలాడు. ఇక ఫికర్ లేదన్నాడు. దెబ్బ తిన్నవాడే తన తప్పంటుంటే కాదనడానికి మనమెవరమన్నాడు.

ప్రిస్కిల్లాకు అతని మాటలు వినబడటం లేదు. బాలవ్వ ఎత్తిన గడ్డమే ఆమె కళ్లలో నిలిచిపోయింది.

షాపులో కుర్చీ ఉంటుంది. వచ్చినవాళ్లు కూర్చుంటారు. ఎదురుగా అక్షరాల బోర్డు చూస్తారు, ఒళ్లో పేపరు చదువుతారు. ఏడేళ్లలో ఆ కుర్చీలో కూర్చుని తలెత్తి పైకప్పు చూసినవాళ్లు ఒక్కరూ లేరు. చూడమని ఆమె ఎవరినీ అడగలేదు. తండ్రినీ అదే కుర్చీలో కూర్చోబెట్టింది, అదే బోర్డు చూపించింది. బతుకంతా పైకి చూసి అన్నం తిన్న మనిషిని ఎదురుగా చూపించి, కిందికి చూపించి, బాగుందని పంపించింది.

ఆమె గబగబా పాత క్యాలెండరు కాగితం వెనక పెన్సిలుతో నాలుగు సన్నని గీతలు గీసింది. స్టూలెక్కి కప్పుకు అంటించింది. తండ్రిని కాగితం కిందికి రమ్మంది. గూట్లోంచి ఆయన గని టోపీ తెచ్చి నెత్తిన పెట్టింది. గడ్డం కింది పట్టీ ఆయనే బిగించుకున్నాడు.

"అద్దాలు పెట్టుకొని, పనికాడ ఎట్ల చూస్తవో గట్ల చూడు బాపు. ఎన్ని గీతలున్నయి?"

పేతురు తలెత్తాడు. టోపీ వెనక అంచు మెడకు తగిలి తల అక్కడే ఆగింది. ఇంకాస్త వాలిస్తేనే అద్దంలో నడుమ భాగం కంటికి ఎదురవుతుంది. టోపీ వాలనివ్వదు. ఆయన చూపంతా పైభాగంలోంచే పోతున్నది, మైలు దూరం చూడటానికి చేసిన భాగంలోంచి.

"ఏం గీతలు?" అన్నాడు.

"కాగితం మీద. పెన్సిల్ గీతలు."

చాలాసేపు చూశాడు. "తెల్ల కాగితం ఉన్నది బిడ్డా. గీతలేం లేవు."

ఆమె అద్దాలు తీసేసింది. మళ్లీ చూడమంది. ఈసారి ఆయన రెప్పకొట్టినంత సేపు కూడా తీసుకోలేదు.

"నాలుగు. ఒకటి జర వంకరున్నది."

ప్రిస్కిల్లా స్టూలు మీద కూర్చుంది. దూరం కాస్త మసకబారినా, తల మీది నెర్రె మాత్రం ఆ కళ్లకు నిన్న మొన్నటిదాకా వెంట్రుకంత స్పష్టంగా కనబడేది. ఆ కళ్ల మీద ఆమె అద్దాలు పెట్టి దూరాన్ని తేటచేసింది, నెర్రెను చెరిపేసింది. అద్దంలో లోపం లేదు, ల్యాబులో లేదు, తండ్రి కంట్లో లేదు. ఉన్నదంతా తనలోనే ఉంది.

"నేనే చేసిన బాపు," అంది. "నువ్వు మసకున్నదని చెప్తే, అలవాటైతదన్న."

పేతురు మంచం మీద కూర్చుని, టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఐదు రోజుల తర్వాత ఆయన నోటి నుంచి గట్టిగా నాలుగు మాటలు వచ్చింది అప్పుడే.

"నువ్వు కాదు. ఆ పొద్దు కర్రతోని కొడితే మోత జర తేడ కొట్టింది. నాకు ఎరుకైంది. పైకి చూసిన. నెర్రె కనవడలే. ఎన్నడైనా చెవి ఒకటి చెప్పి కన్ను ఒకటి చెప్తే, నేను చెవినే నమ్మేది. ఆ పొద్దు కన్నును నమ్మిన." ఆగాడు. "బిడ్డ చేసిన అద్దాలు గదా, నెర్రె ఉంటే కనవడకపోవునా అనుకున్న."

ప్రిస్కిల్లా ముఖం మోకాళ్లలో దాచుకుంది. ఆయన తిట్టి ఉంటే ఓర్చుకునేది. నమ్మానన్న మాటకు మాత్రం ఆమె దగ్గర ఓర్పు లేదు.

ప్రేమ్‌చంద్ తేరుకున్నాడు. ఇప్పుడు విన్నది ఈ నాలుగు గోడలు దాటొద్దన్నాడు. కైలాసమే తప్పు తనదంటుంటే, ఆ మాట ఆస్పత్రి నుంచి తానే పంపితే, దేవుడు దారి చూపినట్టే కదా అన్నాడు.

అప్పుడు లచ్చవ్వ వంటింట్లోంచి బయటికి వచ్చింది. ఇంట్లో ఆమె గొంతు పెంచడం అరుదు. ఇప్పుడూ పెంచలేదు.

"కైలాసం కాలు మీద నిలవడే నౌకరి నాకొద్దు కొడుకా. నీకు గూడ వద్దు."

"అయితే బాపును జైల్ల పెట్టిస్తవా అవ్వా?"

లచ్చవ్వ కొడుకు కేసి చూస్తూ నిలబడింది. అతను చెప్పులు తొడుక్కుని వాకిట్లోకి వెళ్లి, అక్కడే ఆగిపోయాడు.

పేతురు చేయి చాచి ప్రిస్కిల్లా చేతిలోని అద్దాలు తీసుకున్నాడు. వాటిని పక్కన పెట్టి, గనిలో పైకి చూసేవాళ్లకు ఎవరికీ ఇక ఇవి ఇవ్వొద్దని అన్నాడు. అనేసి, తన మాట తనకే తగిలినట్టు ఉలిక్కిపడ్డాడు.

"ఓంప్రకాశ్," అన్నాడు.

ప్రిస్కిల్లా గోడ గడియారం వంక చూసింది.

ఓంప్రకాశ్ అదే గనిలో ఇంకో సర్దార్. పేతురు కొత్తగా అద్దాలు పెట్టుకున్న రోజు టోపీకి పెట్టుకునే క్యాప్ లైట్లు తీసుకునే చోట పదిమందిలో వాటిని చూపించి, మా బిడ్డ చేసిందని మురిసిపోయాడు. ఆ మురిపెం చూసే ఓంప్రకాశ్ షాపుకు వచ్చి తనకూ అలాంటివే కావాలన్నాడు. ప్రిస్కిల్లా ఆయన్నీ కుర్చీలో కూర్చోబెట్టి కొలతలు తీసింది. నిన్న సాయంత్రమే అద్దాలు తన చేత్తో ఆయన ముఖానికి పెట్టింది. బండ పడ్డాక కూడా పెట్టింది, ఎందుకంటే తప్పు బాపు జతలోనే ఎక్కడో ఉందని అప్పటిదాకా వెతుకుతున్నది. ఆయన అద్దంలో చూసుకుని నవ్వి, రేపు ఫస్టు షిఫ్టుకు ఇవే పెట్టుకుని దిగుతానన్నాడు. పదిహేను రోజుల్లో అలవాటవుతుందని ఆమె చెప్పింది.

గోడ గడియారంలో ఎనిమిదిన్నర. ఫస్టు షిఫ్టు ఏడుకే దిగింది.

ఆమె ఫోన్ చేసింది. రెండు రింగులకే ఎవరో ఎత్తారు. ఓంప్రకాశ్ భార్య. ఆయన డ్యూటీకి పోయాడని, ఫోను ఎప్పటిలాగే ఇంట్లో పెట్టిపోయాడని చెప్పింది. గనిలోకి సెల్‌ఫోన్లు తీసుకుపోనివ్వరు. ఆ సంగతి పుట్టినప్పటి నుంచి తెలిసిన ప్రిస్కిల్లాయే ఆ క్షణంలో మరిచిపోయింది. అద్దాలు పెట్టుకుని పోయాడా అని అడిగింది.

"పెట్టుకొనే పోయిండమ్మా. మస్తున్నయి అన్నడు. ఎందుకు?"

ఆమె ఫోన్ పెట్టేసింది.

లోపలి మనిషిని పైకి పిలవాలంటే ఒకటే దారి. ఆఫీసుకు పోయి, అక్కడి ఫోను మీద కిందికి చెప్పించాలి. షిఫ్టు మధ్యలో సర్దార్‌ను పైకి రప్పించాలంటే ఎందుకని అడుగుతారు. చెప్పాలి. పదకొండింటికి చెప్పాలో వద్దో అని ఐదు రోజులుగా కొట్టుకుంటున్న మాట ఇప్పుడే, ఈ నిమిషంలోనే చెప్పాలి.

పేతురు అంగీ తొడుక్కోవడం మొదలుపెట్టాడు. గుండీలు ఒకదానికొకటి తప్పి పడ్డాయి. లచ్చవ్వ వచ్చి సరిచేసింది. ఆయన అద్దాలు జేబులో వేసుకున్నాడు. తండ్రీకూతుళ్లు వీధిలోకి వచ్చి, ఇంచుమించు పరుగులాంటి నడకతో గని వైపు సాగారు.

మలుపు దగ్గర వెనక నుంచి హారన్ మోగింది. ప్రేమ్‌చంద్ వ్యాను. అతను కిటికీలోంచి వాళ్ల కేసి చూడకుండానే, "ఎక్కుండ్రి," అన్నాడు. గేటు దగ్గర వాళ్లు దిగాక స్టీరింగు మీద తల పెట్టుకుని కూర్చుండిపోయాడు.

ఆఫీసులో ఉన్న అధికారి ఎంక్వైరీ పదకొండుకు కదా, ఇప్పుడే వచ్చారేమని అడిగాడు. ఓంప్రకాశ్‌ను పైకి పిలిపించాలని పేతురు చెబితే ఫైలు మూసి కళ్లు చిట్లించాడు.

"కారణం లేనిది షిఫ్టు ఎట్ల ఆపుత పేతురూ? చెప్పు."

పేతురు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చర్చిలో సాక్ష్యం చెప్పేటప్పుడు కూడా ఆయన గొంతు ఇంత మెల్లగా ఉండదు.

"కైలాసం తప్పు లేదు సార్. ఆ జాగ నేను చూసి సరే అన్న. నాకు నెర్రె కనవడలే. మోతల తేడ వినవడ్డది, అయినా సంతకం పెట్టిన. గీ అద్దాలతోని తలెత్తి చూస్తే మసక సార్. ఓంప్రకాశ్ గూడ గివ్వే పెట్టుకొని దిగిండు."

అధికారి క్షణం సేపు ఆయన్నే చూశాడు. ఆ క్షణంలో పేతురు ఇరవై ఆరేళ్ల కొలువు పోయిందని ప్రిస్కిల్లాకు అర్థమైంది. అధికారి ఫోను ఎత్తి కిందికి మాట్లాడాడు. ఓంప్రకాశ్ ఎక్కడున్నాడని అడిగాడు. వినసాగాడు. మనుషుల్ని వెనక్కి రమ్మనమని గట్టిగా చెప్పాడు. మళ్లీ విన్నాడు.

ఫోను చెవి దగ్గరే ఉంచుకుని, నోటి వైపు అరచేయి అడ్డం పెట్టాడు.

ఓంప్రకాశ్ ఆరు చోట్లు చూసి సరే అన్నాడట. ఆరు చోట్లా మనుషులు పనిలో ఉన్నారట. అందరికీ మాట చేరడానికి సమయం పడుతుందట. ఇది చెప్పి ఆయన మొదటిసారి ప్రిస్కిల్లా వైపు తిరిగాడు.

"నువ్వేనా అమ్మా గీ అద్దాలు చేసింది?"

"అవును సార్."

"గీ ఇద్దరికేనా? ఇంకెవలెవలకు ఇచ్చినవ్?"

ప్రిస్కిల్లా నోరు తెరిచింది. బొగ్గుగనుల ఊళ్ల నడుమ షాపు. ఏడేళ్లు. వచ్చినవాళ్లను ఎదురుగా చూడమన్నది, కిందికి చూడమన్నది, ఏం పని చేస్తావని ఒక్కరినీ అడగలేదు.

అధికారి పెన్ను తీసి, కాగితం ముందుకు లాక్కుని, పేర్లు చెప్పమన్నాడు.